ఒడిలో తెల్లగుడ్డ

మా ఊరి బడి ముందర ఒక నల్లరాతి పలక ఉండేది. దాని మీద ఎనిమిది మంది సమరయోధుల పేర్లు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిన సంవత్సరం దాన్ని నిలబెట్టారు. ఎనిమిదో పేరు మా తాతది. ఆ పేరు కాగితం మీద రాసి రాయి చెక్కేవాడి చేతికిచ్చింది నేనే. మా తాత ఆ పోరాటంలో ఇటు పుల్ల తీసి అటు పెట్టలేదని నాకు తెలుసు, మా అవ్వకు తెలుసు. అయినా రాశాను.

మా ఊరు షామీర్‌పేట దాటాక, అలియాబాద్ చౌరస్తాకు దగ్గర. అప్పుడు నేను మేడ్చల్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఇంట్లో అమ్మా నాయిన, తమ్ముడు, నాయిన తల్లి అయిన మా అవ్వ. అక్క పెళ్ళయి వెళ్ళిపోయింది. అవ్వకు తెల్లగుడ్డ అంటే పడదు. ఇంట్లో తెల్ల తువ్వాలు కొననిచ్చేది కాదు. బడిలో శనివారం మాకు తెల్లబట్టలు. శుక్రవారం వాటిని ఉతికి ఆరేస్తే అవ్వ ఆ దండెం కిందనుంచి నడవకుండా ఇల్లు చుట్టి వెనకనుంచి వచ్చేది. చిన్నప్పుడు మేము దాన్ని ఆటగా చేసుకుని, తెల్ల రిబ్బను ఆమె మంచం మీద వేసి దాక్కునేవాళ్ళం. ముసలివాళ్ళకు వెయ్యి పట్టింపులు, అందులో ఇదొకటి అనుకున్నాను. ఎందుకని అడగడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

నేను అడిగింది మా అక్క ఒడిబియ్యం రోజున. ఒడిబియ్యం అంటే మా వైపు ఆడబిడ్డకు తల్లిగారింటి గుర్తు. పెళ్ళయిన మూడో ఏటో అయిదో ఏటో పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ ఆమె ఒడిలో పోసి కడతారు. ఆ మూట నడుముకు ఉండగానే ఆమె అత్తగారింటికి చేరాలి. దారిలో దించకూడదు, విప్పకూడదు, ఇంకొకరు ముట్టకూడదు. అక్కడ దేవుడి ముందర ఆమె చేతులతోనే విప్పాలి. భర్త ఉన్న ఆడదానికే ఈ మర్యాద. భర్త లేనివాళ్ళు ఆ బియ్యం పోయరు, గడప అవతల నిలబడి చూస్తారు. మా అవ్వ చూసేది కూడా కాదు. పెరట్లో నీళ్ళ గోళెం పక్కన, గోడవైపు మొహం తిప్పి కూర్చునేది.

ఆ రోజు అక్క ఏడ్చింది, అవ్వ కనీసం దూరం నుంచైనా దీవించలేదని. నాకు కోపం వచ్చింది. పెరట్లోకి వెళ్ళి, పక్కింటి ముసలమ్మ కూడా వచ్చి చూసింది, నీకేం వచ్చిందని అడిగాను. లోపల పాటలు అవుతుండగానే అవ్వ చెప్పింది.

అప్పుడామెకు ఇరవై ఏళ్ళు. నాయిన పాకే పిల్లవాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందని పట్నం పక్కన దండు ఉండే లష్కర్‌లో చెప్పుకుంటున్నారు, మా దిక్కు మాత్రం ఇంకా నిజాం రాజ్యమే. మూడు రంగుల జెండా దొరికితే ఆ ఇల్లు ఉంటుందో బూడిదవుతుందో చెప్పలేని రోజులు. అవ్వ తల్లిగారిది అల్వాల్. ఆమె అన్న లష్కర్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు, చాటుగా జెండా మనుషులతో తిరిగేవాడు. మా ఊరి పొలాల్లో దాక్కున్న నలుగురైదుగురు కుర్రాళ్ళు జెండా ఎగరేస్తామని పట్టుబట్టారు. గుడ్డలు కావాలని అల్వాల్‌కు కబురు పోయింది. దారిలో నిజాం తనిఖీ నాకా ఉంది. అక్కడి జవాన్లు గడ్డిబండ్లలో ఇనుప చువ్వ గుచ్చి చూసేవాళ్ళు, సద్దిమూటలు కూడా విప్పించేవాళ్ళు. మగవాళ్ళు ఎవరూ తేలేకపోయారు. అప్పుడు అవ్వ అన్నకు తోచిందట: ఒడిబియ్యం మూట ఎవడూ ముట్టడు కదా.

చెల్లెలిని పిలిపించాడు. కిందటి ఏడే ఒకసారి ఒడిబియ్యం పోశారు, ఏడాది తిరగకుండా మళ్ళీ పోయడం తప్పు. అత్తగారింట్లో అదేదో మొక్కు అని చెప్పారు. బియ్యంలో రవికగుడ్డలుగా కాషాయం పెట్టారు, ఆకుపచ్చ పెట్టారు. మూడోది తెల్లది. అవ్వ తల్లి చెయ్యి అక్కడ ఆగిపోయింది. ఒడిబియ్యంలో తెల్లది పెట్టరు. తెల్లది పీనుగు మీద కప్పేది. తల్లి పెట్టనంటే పెట్టనంది. జెండాకు తెల్లది లేకపోతే అది జెండా ఎట్లవుతుందని అన్న అన్నాడు. తల్లీకొడుకులు వాదులాడుకుంటుంటే అవ్వే చెయ్యి చాపి ఆ తెల్లగుడ్డ తీసుకుని తన ఒడిలో వేసుకుంది.

నాకా దగ్గర ఒక ముసలి జవాను ఆమెను చూసి, "ఒడిబియ్యమా బేటీ, జా, జల్దీ పో" అని చువ్వ పక్కకు తీశాడట. ఆ మాట చెప్పినప్పుడు అవ్వ, అతని కడుపు చల్లగుండ అని దండం పెట్టింది. యాభై ఏళ్ళ తర్వాత కూడా, పేరు తెలియని ఆ పరాయి జవానుకు. నేను చాలామంది దేశభక్తులను చూశాను గానీ అవతలివాడికి దండం పెట్టినవాళ్ళను అవ్వను తప్ప చూడలేదు.

ఇంటికొచ్చి దేవుడి ముందర మూట విప్పుతుంటే అత్త చూసింది. తెల్లది చూసింది. అప్పుడేమీ అనలేదు. మర్నాడు పొద్దున పాలు పితికే వేళ ఒక కుర్రాడు సల్ల, అదే మజ్జిగ, అడుక్కునేవాడిలా వచ్చి గుడ్డలు తీసుకుపోయాడు. తాతకు ఇదేమీ తెలియదు. ఆయనకు ఎడ్లు, మోటబావి, తంబాకు, ఇవే లోకం. పోలీసు కనబడితే నాలుగు పొలాలు చుట్టి ఇంటికొచ్చే మనిషి. ఆ వారంలోనే ఊరి బురుజు మీద జెండా ఎగిరింది. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి పీకేశారు. అప్పటిదాకా అవ్వ జొన్నచేనులో నిలబడి చూసింది.

"నడుమ తెల్లది మెరుస్తుంటే నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి బిడ్డా" అంది. "గది నా ఒడిలదే గదా అనుకున్న."

నాలుగు నెలలకు ఊళ్ళో గత్తర, అంటే కలరా, తగిలింది. తాత పొద్దున పొలం పోయినవాడు సాయంత్రానికి లేడు. ఆయన మీద తెల్లగుడ్డ కప్పినప్పుడు అత్త నలుగురిలో నిలబడి, తెల్లది ఒడిలో తెస్తివి, నా కొడుకు మీద కప్పితివి అంది. ఆ మాట ఆమె చచ్చిపోయేదాకా, అంటే మరో ఇరవై ఏళ్ళపాటు, అంటూనే ఉందట. పండక్కి ఒకసారి, తద్దినానికి ఒకసారి. అవ్వ ఎదురు చెప్పలేదు. ఆమె కూడా అదే నమ్మింది కాబట్టి.

నేను చదువుకున్నదాన్ని కదా, గత్తర నీళ్ళ వల్ల వస్తుంది, గుడ్డ వల్ల రాదని చెప్పబోయాను. అవ్వ నా మాట సగంలోనే ఆపింది.

"ఉత్తగ పోలే బిడ్డా. జెండాకు పోయిండు. తెల్లది లేకుంటే జెండా ఎగరకపోతుండె. దేవుడు ఒకటిచ్చి ఒకటి తీసుకుండు."

ఇంట్లోకి వెళ్ళి అక్కకు ఆ సంగతి చెప్పలేదు. అవ్వకు నడుం నొప్పి అన్నాను. ఆ రాయి సంగతి వచ్చేదాకా నా మనసులోనే పెట్టుకున్నాను.

ఆ ఎండాకాలం బడి ముందర సమరయోధుల పేర్లతో రాయి పెట్టాలని ఊరి పెద్దలు కమిటీ వేసుకున్నారు. నా రాత గుండ్రంగా ఉంటుందని పేర్ల జాబితా నాతో రాయించారు. ఏడు పేర్లు చెప్పారు. ఏడుగురూ మగవాళ్ళే. అందులో ఒకాయన జైలుకు పోయింది కల్లు గొడవలోనని ఊరంతా ఎరుగుదురు, అయినా జైలు జైలే కదా. ఆడవాళ్ళు ఒక్కరూ లేరా అని అడిగాను. ఆడవాళ్ళా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, నేనేదో తమాషాకు అడిగినట్టు.

ఇంటికొచ్చి అవ్వను గుచ్చి గుచ్చి అడిగితే ఇంకా ఇద్దరి సంగతి బయటపడింది. పొలాల్లో దాక్కున్నవాళ్ళకు ఏడాదిపాటు జొన్నగట్క వండి గంపలో పెట్టి పంపినామె ఒకరు. పోలీసులు ఊళ్ళోకి వస్తే పొలాల్లోవాళ్ళకు కనబడేలా మిద్దె మీద ఎర్రచీర ఆరేసినామె ఇంకొకరు. తడవని చీర ఆరేసి ఆరేసి వెలిసిపోయిందట పాపం. ఇద్దరూ పోయారు. వాళ్ళ పేర్లేమిటని అడిగితే అవ్వ తడబడింది. ఒకామెను ఫలానావాడి పెండ్లాం అని పిలిచేవాళ్ళం, ఇంకొకామెను పెద్దోని తల్లి అనేవాళ్ళం, అసలు పేర్లు ఎవరికి ఎరుక అంది. పక్కపక్క ఇళ్ళల్లో ముప్ఫై ఏళ్ళు బతికినవాళ్ళు.

కనీసం అవ్వ పేరైనా ఆ రాయి మీద ఉండాలని నాకు పట్టుదల పుట్టింది. కమిటీవాళ్ళు సాక్ష్యం కావాలన్నారు. ఏడుగురిలో ఆరుగురు పోయారు. మిగిలినాయన, ఆ రోజు సల్ల అడుక్కునేవాడిలా వచ్చి గుడ్డలు తీసుకుపోయిన కుర్రాడు, ఇప్పుడు పేట్ బషీరాబాద్‌లో కొడుకు కట్టిన ఇంట్లో ఉంటున్నాడని తెలిసింది. ఒకరోజు కాలేజీ ఎగ్గొట్టి మేడ్చల్‌లో బస్సెక్కి వెళ్ళాను. తెల్లటి ధోవతి, తెల్లటి లాల్చీ, నిటారుగా కూర్చున్న మనిషి. నేను ఫలానావారి మనవరాలినని చెప్పగానే లేచి నిలబడ్డాడు. ఆ చెల్లె లేకుంటే మా జెండా లేదు బిడ్డా అన్నాడు. నేను అడగకముందే కాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. రాయి నిలబెట్టే పండుగకు నేనే వస్తాను, ఆమెను కళ్ళారా చూడాలి అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిలబడే వచ్చాను గానీ నాకు నిలబడినట్టే లేదు.

నా సంబరం రెండు రోజులు. ముందు అవ్వే అడ్డం తిరిగింది.

"నా పేరెందుకు? నేను బతికే ఉన్న గదా. పానం ఇచ్చినాయన ఆయన. ఆయన పేరు రాయి" అంది.

తాతకు ఆ సంగతే తెలియదు కదా అవ్వా అన్నాను. తెలిసి ఇస్తేనే ఇచ్చినట్టా అని ఎదురడిగింది. కమిటీలో ఇది చెబితే వాళ్ళకు పెద్ద బరువు దిగినట్టయింది. ఆమె పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు, భర్త పేరు రాస్తే ఇల్లు మొత్తం వచ్చినట్టే అన్నారు. తాత పేరుకు సాక్ష్యం ఎవరూ అడగలేదు. మగవాడి పేరు కదా, దానికి అదే సాక్ష్యం. పేట్ బషీరాబాద్ కాగితం నా పుస్తకాల్లోనే ఉండిపోయింది. నేను గట్టిగా పోట్లాడవలసింది. పోట్లాడలేదు. అవ్వ మొహంలో ఆ సంతోషం చూసి ఊరుకున్నాను అని ఇన్నేళ్ళూ చెప్పుకుంటున్నాను. పెద్దలతో గొడవకు భయపడ్డాను అన్నది కూడా నిజమే.

రాయి నిలబెట్టిన రోజు అవ్వ నేరేడు రంగు చీర కట్టుకుంది. పొద్దున్నే, జనం రాకముందే నన్ను తీసుకుని రాయి దగ్గరికి వెళ్ళింది. ఆమెకు చదువు రాదు. ఎనిమిది పేర్లలో ఆయనది ఏదని అడిగింది. ఆమె వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టాను. ఒక్కొక్క అక్షరం తడిమి, బాగానే చెక్కిండు అంది. వెళ్తూ వెనక్కి తిరిగి, ఆయన పక్కనోళ్ళు మంచోళ్ళేనా అని అడిగింది. కల్లు గొడవ ఆయన సంగతి నేను చెప్పలేదు.

సభలో పేట్ బషీరాబాద్ తాత ఉపన్యాసం చాలాసేపు సాగింది. పొలాల్లో పడుకున్నది, పోలీసులను తప్పించుకున్నది, బురుజు ఎక్కింది, అంతా చెప్పాడు. చివర్లో మన తల్లులు, అక్కచెల్లెళ్ళు కూడా ఎంతో సహకరించారు అన్నాడు. ఆ ఒక్క వాక్యంలోనే ఒడిబియ్యం, జొన్నగట్క, వెలిసిన ఎర్రచీర అన్నీ ఇమిడిపోయాయి. తర్వాత సమరయోధుడి భార్య అని అవ్వను పిలిచి శాలువా కప్పారు. ఆమె తల వంచుకుని నిలబడింది. నాయిన ముందు వరుసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. తండ్రి మొహం ఎరగని మనిషి, ఆ రోజు తండ్రి దొరికినట్టయింది ఆయనకు. అందుకని నేను ఆయనకు కూడా నిజం చెప్పలేకపోయాను.

సభ అయ్యాక ముసలాయన మా ఇంటికి వచ్చాడు. నేనే పిలిచాను. అరుగు మీద అవ్వ ఒక పక్క, ఆయన ఒక పక్క. నేను చాయ్ తెచ్చిచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. యాభై ఏళ్ళ తర్వాత చూసుకున్నవాళ్ళు. ముందు పోయినవాళ్ళను తలచుకున్నారు. తర్వాత ఆయన గుడ్డల మాట ఎత్తాడు. ఆ రోజుల్లో రంగుగుడ్డ కొంటే ఎందుకని దుకాణంలోనే అడిగేవాళ్ళని, మీ అన్న ఎట్లా సంపాదించాడో గానీ కాషాయం, ఆకుపచ్చ భలే రంగులని మెచ్చుకున్నాడు. తర్వాత నవ్వుతూ, చాయ్ ఊదుకుంటూ అన్నాడు:

"గా తెల్లది ఎందుకు పంపిండో ఏమో చెల్లె. మేం రంగులియే అడిగినం. మా ధోతులన్నీ తెల్లయే గదా, నా ధోతి అంచు చింపి నడుమ కుట్టుకున్నం."

అవ్వ, ఏమంటివి అన్నా అని మళ్ళీ అడిగింది. ఆయన వినబడలేదనుకుని కొంచెం గట్టిగా మళ్ళీ చెప్పాడు. జెండాలో తెల్లది తన ధోతిదేనని, ఆ మాట తన సభల్లో ఎప్పుడూ చెబుతుంటానని. మరి నేను తెచ్చిన ముక్క ఏమైందని అవ్వ అడిగింది. ఆయన గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"లాంతరు తుడుసుకున్నమేమో. మెత్తగ ఉండె."

ఆయనలో చెడు లేదు. ఈ మాట రాసేటప్పుడు కూడా ఆయనను తిట్టుకోలేను. ఒడిబియ్యంలో తెల్లది పెట్టకూడదని ఆయనకు తెలియదు. అవ్వ అన్నలోనూ చెడు లేదు, జెండాకు మూడు రంగులంటే మూడు ముక్కలు లెక్కపెట్టి ఇచ్చాడు. పొలంలో దాక్కున్న అయిదుగురి ఒంటి మీదా తెల్ల ధోతులు ఉన్నాయని ఆయనకు తట్టలేదు. ఇంట్లో ఒక్కతే అడ్డం చెప్పింది, ముసలి తల్లి. ఆమె మాట ఎవరు విన్నారు?

అవ్వ ఆయన తాగిన గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఆయన్ని బస్సెక్కించి నేను తిరిగి వచ్చేసరికి గోళెం దగ్గర కూర్చుని ఆ ఒక్క గ్లాసునే కడుగుతూ ఉంది. నేను పక్కన కూర్చున్నాను. పొద్దున వేలు పట్టుకుని రాయి మీద పెట్టిన చెయ్యే అది, నీళ్ళలో నాని తెల్లబడింది.

"లాంతరు తుడిసిండ్రంట బిడ్డా" అంది.

ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆమె మొగుణ్ణి నేను రెండోసారి చంపినట్టు అనిపించింది. ఆయన ఉత్తగ పోలేదన్న ఒక్క మాట పట్టుకుని ఆమె అర్ధశతాబ్దం బతికింది. ఆ మాట లాక్కోవడానికి మేడ్చల్ నుంచి బస్సు టికెట్టు కొనుక్కుని మరీ వెళ్ళి మనిషిని పిలుచుకొచ్చాను. కూర్చుని తింటున్నవాళ్ళ ముందరి కంచం తీసేయడమంటే ఇదే. గత్తరకూ గుడ్డకూ సంబంధం లేదు అవ్వా, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు అని చెప్పాను. ఆమె వినలేదు. ఆమె లెక్కలో తాతను తీసుకుపోయింది తెల్లగుడ్డే. కాకపోతే ఇప్పుడు అది జెండాకు కాక లాంతరుకు తీసుకుపోయింది.

ఆ తర్వాత జెండాకు పోయిండు అన్న మాట ఆమె నోట వినలేదు. కిరాణా కొట్టుకు బడి ముందరనుంచి దగ్గర దారి. అవ్వ అటు మానేసి వెనక సందులోనుంచి తిరిగి వెళ్ళేది. పంద్రాగస్టు జెండా పండుగకు బడివాళ్ళు పిలిస్తే మోకాళ్ళ నొప్పులని పంపించేసేది. నాయిన మాత్రం ఏటా వెళ్ళి తండ్రి పేరుకు దండ వేసి వచ్చేవాడు. ఆ దండ తెచ్చేటప్పుడు అవ్వకూ రెండు పూలు తెచ్చేవాడు, ఆమె వాటిని తులసి దగ్గర పెట్టేది.

నాకు మేడ్చల్‌లోనే బడిపంతులు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. మూడో ఏడు మా తల్లిగారింట్లో నాకు ఒడిబియ్యం పోశారు. ఈసారి నేనే పెరట్లోకి వెళ్ళి అవ్వను రమ్మన్నాను. ఎవరేమన్నా సరే, నువ్వు ఒక దోసెడు పొయ్యాలి అన్నాను. నా చెయ్యి వద్దు బిడ్డా అని రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది, చిన్నపిల్లలు దాచుకున్నట్టు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. లోపల అందరూ పిలుస్తున్నారు, ముహూర్తం దాటిపోతుందని.

చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లు అయిపోతున్న రోజులవి. ఎర్రచీర ఆరేసిన మిద్దె స్థలంలో సిమెంటు దుకాణం వెలిసింది. ఒక ఆదివారం నేను ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వ మంచంలో ఉంది. చిక్కిపోయింది గానీ మాట నిలకడగానే ఉంది. అమ్మ వంటింట్లో ఉందో లేదో చూసుకుని, నన్ను దగ్గరికి రమ్మంది.

"నేను పోతే నా మీద తెల్లది కప్పనియ్యకు. ఏ రంగుదన్న మంచిదే, గది మాత్రం ఒద్దు. నీకు చెప్తున్న. ఇంకెవరికి చెప్పినా నవ్వుతరు."

సరే అవ్వా అన్నాను. అట్లాంటి మాటలు ఎందుకని కూడా అన్నాను. ఆమెకు బత్తాయి వలిచి పెట్టి, చీకటి పడకముందే బస్సెక్కాను. నాయినకు చెబుదామనుకున్నాను. బతికున్న తల్లి మీద ఏ రంగు గుడ్డ కప్పాలో కొడుకుతో ఎట్లా మాట్లాడతాం? తర్వాతి వారం చెబుదామనుకున్నాను. ఆ తర్వాత అవ్వ కోలుకుంది, లేచి తిరిగింది, నేనూ మరిచిపోయాను. పరీక్ష పేపర్లు, పిల్ల జ్వరం, అద్దె ఇల్లు మారడం. మరిచిపోయాను అని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ జరిగింది అదే.

ఈ లోపల కరీంనగర్ రోడ్డు వెడల్పు చేస్తామని బడి ముందరి గోడ కూలగొట్టారు. రాయిని పెకలించి పంచాయతీ ఆఫీసు వెనక పడేశారు, పేర్లున్న వైపు నేలకు ఉంది. నాయిన వాళ్ళతో వీళ్ళతో గొడవపడి వచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మళ్ళీ నిలబెడతామన్నారు, నిలబెట్టలేదు. అవ్వ ఏమంటుందోనని నేను భయపడ్డాను. ఆమె మామూలుగానే ఉంది. పోనీ తియ్, ఆయనకు ఎరుకలేని ముచ్చట అంది.

ఆమె పోయిన రోజు మా బడిలో పరీక్షలు. పొద్దున పదింటికి బడి ఫోనుకు తమ్ముడి కబురు వచ్చింది. బస్సు పట్టుకుని బయల్దేరాను. కొంత దూరం పోయాకగానీ అవ్వ చెప్పిన మాట గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాక కూర్చోలేకపోయాను. రోడ్డు పనులని చౌరస్తా అవతలే బస్సు ఆపేశారు. కంకర మీద చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తాను. దారిలో ఎరిగినవాళ్ళు నన్ను చూసి, అవ్వ అంటే ఎంత ప్రేమో అనుకుని ఉంటారు.

వాకిట్లో అవ్వను పడుకోబెట్టి ఉన్నారు. షామీర్‌పేట దుకాణం నుంచి తెప్పించిన కొత్త గుడ్డ, మడతలు కూడా పోలేదు, తెల్లగా, మెడదాకా కప్పి ఉంది. నేను వెళ్ళి దాని కొస పట్టుకున్నాను. కప్పింది తీయకూడదని పెద్దవాళ్ళు నా చెయ్యి పట్టుకున్నారు. అవ్వ వద్దని చెప్పింది అన్నాను, తెల్లది వద్దని నాకు చెప్పింది అన్నాను. ఏడుపులో నా మాట నాకే సరిగ్గా వినబడలేదు. నాయిన ఒక్కడే విన్నాడు. ఎప్పుడు చెప్పిందని అడిగాడు. రెండేళ్ళయింది అన్నాను.

నాయిన నా మొహం చూశాడు. కోపం లేదు ఆయన గొంతులో. అదే నాకు ఇప్పటికీ పట్టరాకుండా ఉంది.

"నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా. ఏ రంగుదన్న తెచ్చేటోణ్ణి గదా" అన్నాడు.

అప్పటికే బయట డప్పులవాళ్ళు వచ్చి నిలబడి ఉన్నారు. ఎండ ముదిరింది, ఇక లేపాలని ఎవరో అన్నారు. నేను పట్టుకున్న కొస వదిలేశాను.